గుక్క తిప్పుకునేంత సేపు

మా అమ్మ ఇరవై నాలుగేళ్ళు బస్టాండులో అనౌన్సరుగా పనిచేసింది. ఊళ్ళో ఆమె గొంతు ఎరగనివాళ్ళు లేరు. మొహం ఎరిగినవాళ్ళు మాత్రం పట్టుమని పదిమంది ఉండరు. ఆమె కూర్చునే గది బస్టాండు మేడమీద, డిపో ఆఫీసు వెనకాల ఉండేది. చప్పుడు రాకుండా గోడలనిండా అట్టలు కొట్టిన ఆ గదికి కిటికీ లేదు. ఒక బల్ల, ఒక మైకు, గోడకు బస్సు వేళల పట్టిక, తలుపు మీద ఎర్ర బల్బు. కింద ప్లాట్‌ఫారాల నుంచి ఫోను వచ్చేది, అమ్మ బొత్తాం నొక్కి చెప్పేది. ఆ మాట విని జనం పరిగెత్తేవారు, బస్సు ఎక్కేవారు, బస్సు కదిలేది. ఇవేవీ ఆమె కంటబడేవి కావు.

నాన్నకు బస్టాండు ఎదురుగానే సెలూన్. రెండు కుర్చీలు, మూడు అద్దాలు, ఒక ఆగని నోరు. కండక్టర్లంతా కలిసి ఆయనకు 'నాన్‌స్టాప్' అని పేరు పెట్టారు. కత్తెర ఆగినా ఆయన మాట ఆగదు. ఎదుటివాడి మొహానికి నురగ పూసి, వాడు నోరు విప్పలేని సమయం చూసి ప్రశ్నలు వేస్తాడు, జవాబులూ తనే చెప్పుకుంటాడు. ఒకసారి ఒక కుర్రాయన నున్నగా గడ్డం గీయించుకుని లేచి, "నేను గడ్డానికి రాలేదండీ, పోస్టాఫీసుకి దారెటో అడుగుదామని వచ్చాను" అన్నాడట. అది నాన్నే చెప్పుకుని నవ్వుతాడు.

ఎనిమిది గంటలు మైకులో మాట్లాడి ఇంటికి వచ్చాక అమ్మకు పెదవి కదపాలనిపించేది కాదు. షాపులో ఎంత మాట్లాడినా నాన్నకు తనివి తీరేది కాదు. కాబట్టి వాళ్ళ కాపురం సజావుగా నడిచింది. ఆయన చెప్పేవాడు, ఆమె ఊఁ కొట్టేది. నేనూ నాన్న పోలికే. స్కూల్లో లెక్కలు చెబుతాను. "ఒక్క క్షణం ఆగితే రాసుకుంటాం మిస్" అని పిల్లలు వారానికోసారైనా మొరపెట్టుకుంటారు.

కిందటి వానాకాలంలో అమ్మ మెడ ముందు చిన్న గడ్డ కనబడింది. థైరాయిడ్ అన్నారు, తీసెయ్యాలన్నారు. తీసేశారు. గడ్డ ప్రమాదమైనది కాదని తేలింది, మేము హమ్మయ్య అనుకున్నాం. కానీ మత్తు దిగాక అమ్మ నోరు తెరిస్తే గాలి వచ్చింది కానీ మాట రాలేదు. రెండో రోజుకు గుసగుస వచ్చింది. నెల తిరిగినా ఆ గుసగుసే మిగిలింది. గొంతులో స్వరానికి రెండు సన్నని పొరలుంటాయనీ, మాట్లాడేటప్పుడు అవి తలుపు రెక్కల్లా దగ్గరపడాలనీ, ఒక రెక్కను కదిలించే నరం ఆపరేషన్లో దెబ్బతిందనీ డాక్టరు చెప్పాడు. "తలుపు సగం తెరుచుకునే ఉంది. పీల్చిన గాలి మాట కాకుండానే పోతోంది. నరం కోలుకోవచ్చు, ఏడాది పట్టచ్చు. పూర్తిగా కోలుకోకపోనూవచ్చు."

దాంతో అమ్మకు ఒక గుక్కలో మూడు మాటలు, మహా అయితే నాలుగు. ఆ తర్వాత ఆగాలి, గాలి పీల్చుకోవాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ ఆగే సమయం రెండు మూడు క్షణాలకు మించదు. కానీ మా ఇంట్లో అంత ఖాళీ స్థలం ఎవరూ ఎప్పుడూ వదిలిపెట్టలేదు.

"కూరలో ఉప్పు కొంచెం..." అని అమ్మ ఆగేది. నాన్న లేచి డబ్బా తెచ్చి వేసేసేవాడు. ఆమె ఊపిరి తీసుకుని "...ఎక్కువైంది" అనేది.

"ఆ ఫ్యాను..." అంటే నేను స్విచ్చి వేసేదాన్ని. "...చప్పుడు చేస్తోంది" అనేది.

మన భాషలో అసలు సంగతి వాక్యం చివర కదా కూర్చుని ఉంటుంది! ఉందో లేదో, కావాలో వద్దో తెలియాలంటే ఆఖరి మాటదాకా ఆగాలి. లెక్కలో కూడికో తీసివేతో చూడకుండా జవాబు రాసేసే పిల్లలకు నేను రోజూ చివాట్లు పెడతాను. ఇంటికొచ్చి అదే పని చేసేదాన్ని.

ప్రేమ లేక కాదు. నాన్న అయితే ఆమె ఆయాసపడకూడదని ప్రతి వాక్యాన్నీ తన భుజాన వేసుకుని ఒడ్డు చేర్చేవాడు. కాకపోతే వేరే ఒడ్డుకు.

ఒకరోజు సాయంత్రం టీ తాగుతూ అమ్మ గ్లాసు కింద పెట్టింది. చాలాసేపటినుంచి అనుకుంటున్న మాటలా ఉంది. "నాకు మళ్ళీ... ఆ మైకు ముందు... కూర్చోవాలని..."

ఊపిరికి ఆగింది. నాన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు తెలీదటే! నువ్వు చెప్పాలా? ఇరవై నాలుగేళ్ళే! నువ్వు కూర్చుంటావు, నేను కూర్చోబెడతాను. ఎవడు కాదంటాడో చూస్తాను!" అని చెప్పులు వేసుకుని బయటపడ్డాడు. అమ్మ నావైపు చూసి పెదవి కదిపింది. "దరఖాస్తు నేను రాస్తానమ్మా, నువ్వేం బెంగపెట్టుకోకు" అని నేను కాగితం కోసం లోపలికి పరిగెత్తాను.

మరుసటి రోజు నుంచి సెలూన్లో గడ్డం గీయించుకున్న ప్రతి మనిషికీ ఈ విషయం తెలిసింది. కండక్టర్లు సంతకాలు పెట్టారు. గైడ్లు నడుముకు కట్టుకునే చిన్న స్పీకరు పెట్టె ఒకటి కొని తెచ్చి, నాన్న రెండు రోజులు దాన్ని తనే కట్టుకుని తిరిగాడు. పక్కింటివాళ్ళు వచ్చి మొత్తుకున్నారు. డిపో మేనేజరు పాపం మంచివాడు. "గొంతు కొంచెం నయమైతే చాలు, మళ్ళీ తీసుకుంటాం" అని మాటిచ్చాడు. ఇంత హడావుడిలోనూ అమ్మ ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ మొదలుపెడుతూనే ఉంది. చెయ్యి అడ్డంగా ఊపితే, మమ్మల్ని శ్రమపెట్టడం ఇష్టంలేక అనుకున్నాం. మేం మళ్ళీ మళ్ళీ ధైర్యం చెబుతూనే ఉన్నాం.

మాట నేర్పే డాక్టరమ్మ దగ్గరికి వారానికి రెండుసార్లు వెళ్ళేవాళ్ళం. నా ఈడుదే. చిన్న గది, నాలుగు కుర్చీలు, గోడకు నిలువుటద్దం, బల్లమీద స్టాప్‌వాచీ. అమ్మచేత "ఆ..." అనిపించి ఎన్ని క్షణాలు నిలిచిందో రాసుకునేది. మొదట నాలుగు, తర్వాత అయిదు. "గాలి ఛాతీతో కాదమ్మా, పొట్టతో తీసుకోండి. అయిపోయేదాకా లాగొద్దు. ఇంకా కొంచెం ఉండగానే ఆగండి. ఆగడం తప్పు కాదు. అందరం ఆగుతాం, మీది కొంచెం ఎక్కువ కనబడుతుంది, అంతే."

ఆ రోజు ఆమె అమ్మను అడిగింది: "ఇంట్లో ఎలా ఉంటోందమ్మా మాట్లాడటం?"

"బాగానే ఉంటోందండీ" అన్నాడు నాన్న.

"గాలి సరిపోతోందా?"

"మొన్నటికన్నా నయమండీ. పొద్దున కొంచెం ఇబ్బంది పడుతుంది" అన్నాడు నాన్న.

డాక్టరమ్మ స్టాప్‌వాచీ తీసి ఆయన చేతిలో పెట్టింది. "బాబాయిగారూ, ఇవాళ ఎక్సర్‌సైజు అమ్మగారికి కాదు, మీకు."

"నాకా? నా గొంతుకేమైంది? నిక్షేపంగా ఉంది!"

"అదే కదా ఇబ్బంది. ఆవిడ ఏదో ఒకటి చెబుతారు. ఆగిన ప్రతిసారీ మీరు ఈ బొత్తాం నొక్కండి, మళ్ళీ మొదలెట్టాక ఇంకోసారి నొక్కండి. ఆవిడ బల్లమీద చెయ్యి పెట్టేదాకా మాట పూర్తి కానట్టే. అప్పటిదాకా మీరు నోరు తెరవకూడదు." నావైపు తిరిగి, "మీరు కూడా" అంది.

అమ్మ నిటారుగా కూర్చుంది. మైకు ముందు కూర్చున్నప్పుడు అలాగే కూర్చునేదట.

"నాకు మళ్ళీ..."

నాన్న బొత్తాం నొక్కాడు. ఆయన గొంతు కింద ముడి పైకీ కిందికీ ఆడింది.

"ఆ మైకు ముందు..."

నొక్కాడు. పెదాలు లోపలికి మడిచి పళ్ళతో బిగించాడు. నేను దుపట్టా కొస నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"కూర్చోవాలని..."

ఇక్కడే మేమిద్దరం ఎప్పుడూ లేచి వెళ్ళిపోయింది. వాచీ టిక్కుటిక్కుమంది. అమ్మ పొట్టతో గాలి తీసుకుంది.

"...లేదు."

బల్లమీద చెయ్యి పెట్టింది.

నాన్న వాచీ ఆపడం మరిచిపోయాడు.

"లేదా?" అన్నాడు చివరికి. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?"

"చెప్పాను." గుక్క తిప్పుకుంది. "అయ్యేలోపే... మీరు వెళ్ళిపోయారు."

"నేనెక్కడికి వెళ్ళానే, పక్కనే ఉంటే?"

"డిపోకి."

డాక్టరమ్మ మొహం అటు తిప్పుకుంది. ఆమె భుజాలు అదురుతున్నాయి. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ దరఖాస్తు నా దస్తూరీతో, కింద గీత కొట్టిన రెండు వాక్యాలతో, మేనేజరు బల్లమీద ఉంది.

తర్వాత అమ్మ ఇంకా చెప్పింది. పెద్ద మాటే, పదిహేను గుక్కలు పట్టింది. ఇరవై నాలుగేళ్ళు తన గొంతు విని బస్సెక్కినవాళ్ళలో ఒక్కరిని కూడా చూడలేదనీ, ఆ గదిలో మాట్లాడుతుంటే ఎవరైనా వింటున్నారో లేదో అనిపించేదనీ అంది. కింద ఎంక్వయిరీ కిటికీ దగ్గర ఖాళీ ఉందట. అక్కడ మనుషులు ఎదురుగా వచ్చి నిలబడి అడుగుతారు. జవాబుకు మూడు మాటలు చాలు. "ఆ పని... నాకు... కావాలి." మళ్ళీ చెయ్యి బల్లమీద పెట్టింది.

ఆ రోజు ఇంటికి నడిచి వచ్చినంతసేపూ నాన్న నోరు మెదపలేదు. వీధి మలుపులో మాత్రం, "నేనొట్టి చవటనే" అన్నాడు. అమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆ మాటకు జవాబివ్వడానికి ఆమెకు గాలి ఉంది. కానీ ఇవ్వలేదు.

డిపో మేనేజరు తల పట్టుకున్నాడు. "నిన్నటిదాకా మైకు అన్నారు, ఇవాళ కిటికీ అంటున్నారు. మైకయితే సౌండు పెంచుకోవచ్చు. అక్కడ జనం అరుస్తారయ్యా, ఆవిడ మాట ఎవరికి వినబడుతుంది?" అన్నాడు. ఎలాగో నెలరోజులు చూద్దామన్నాడు. స్పీకరు పెట్టె కట్టుకుని వెళ్ళమని నాన్న బతిమాలాడు. "ఇన్నేళ్ళూ పెట్టెలోంచే... మాట్లాడాను. ఇక చాలు" అంది అమ్మ.

అమ్మ కిటికీలో చేరాక మొదటి శనివారం, స్కూలు లేదు కాబట్టి నేను బస్టాండుకు వెళ్ళి దూరంగా బెంచీ మీద కూర్చుని చూశాను. అద్దానికి అరచెయ్యంత గుండ్రటి కన్నం. ఇటువైపు ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్న జనం. అమ్మ వాళ్ళ అరుపుకు పోటీ పడలేదు. తను అనాల్సింది మెల్లగా అంది. ముందున్న మనిషి "ఆఁ? ఏంటీ?" అని చెవి కన్నానికి ఆనించాడు. వెనకవాళ్ళను "కాస్త ఊరుకోండయ్యా, వినపడట్లేదు" అని కసిరాడు. తర్వాతివాడూ అంతే. అరగంటలో ఆ కిటికీ ముందు వరస కట్టారు. గొంతులు తగ్గాయి. ఎక్కడికో హడావుడిగా వెళ్ళే మనుషులు, ఆమె ఊపిరి తీసుకునేదాకా తల వంచుకుని నిలబడటం చూశాను.

అంతా సుఖంగా జరిగిపోయిందని చెప్పను. మంగళవారం ఒక పెద్దమనిషి రెండు సంచులు మోసుకుంటూ వచ్చి డైరెక్టు బస్సు ఉందా అని అడిగాడు. అమ్మ "ఈ పూట డైరెక్టు బస్సు..." అని ఆగింది. ఆయన "థాంక్సమ్మా" అని వెళ్ళి ప్లాట్‌ఫారం మీద నలభై నిమిషాలు నిలబడ్డాడు. తిరిగొచ్చి రచ్చ రచ్చ చేశాడు. "ఉందన్నావుగా!" అంటాడు. "అనలేదండీ... అనేలోపే..." అని అమ్మ అంటుంటే మళ్ళీ అరుస్తాడు. మేనేజరు పిలిచి, ఇలా రెండోసారి జరిగితే కష్టమమ్మా అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ అన్నం కెలుకుతూ కూర్చుంది. "రేపటి నుంచి... వెళ్ళను" అంది. నాన్న ఈసారి ఆగాడు. ఆమె చెయ్యి బల్లమీదికి వచ్చేదాకా ఆగాడు. ఆ తర్వాత కంచం పక్కకు జరిపాడు.

"నేనొకటి చెప్తాను, విను. ఆయన నాలాంటివాడు. నాలాంటివాళ్ళ సంగతి నాకన్నా బాగా ఎవరికి తెలుసు? మేం మొదటి ముక్క విని లేచిపోతాం. ఎంత చెప్పినా మారం. నువ్వు మొదటి ముక్కలోనే కథ ముగించెయ్. 'ఈ పూట డైరెక్టు బస్సు లేదు' అనకు. 'లేదు' అను. ఊపిరి తీసుకో. తర్వాత 'ఈ పూట డైరెక్టు బస్సు' అను. వాడు ఉంటే వింటాడు, పోతే పోతాడు. తోక ముందుకు తెచ్చెయ్!"

అమ్మ ఆయన వంక చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన లక్ష మాటల్లో ఇదొకటి పనికొచ్చేదని ఆ చూపుకు అర్థం.

అన్నాల దగ్గరే సాధన మొదలైంది. నాన్న సంచులు మోసే పెద్దమనిషి, నేను తొందరపడే కాలేజీ అమ్మాయిని. కంచాల దగ్గరే లేచి నిలబడి అడిగాం.

"పదింటి బస్సు వచ్చిందా అండీ?"

"వెళ్ళిపోయింది... పదింటి బస్సు."

"ఆగుతుందా దార్లో?"

"ఆగదు... ఎక్కడా."

"టికెట్టు బస్సులో ఇస్తారా?"

"ఇవ్వరు... ఇక్కడే... మూడో కౌంటరు."

"ఇంకొంచెం కూర వెయ్యనా?" అని నాన్న గరిటె ఎత్తాడు.

"వద్దు!" అంది అమ్మ. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆపరేషన్ అయ్యాక ఆమె మాట సమయానికి చేరింది అప్పుడే. ముగ్గురం పొలమారేదాకా నవ్వాం. అమ్మ నవ్వుకు చప్పుడు లేదు, గాలే. అయినా పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ తర్వాత ఫిర్యాదులు రాలేదు. నెల దాటింది, మేనేజరు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పక్క కిటికీలో పనిచేసే ఆయన కూడా 'లేదు' ముందు చెప్పడం మొదలెట్టాడట, గొంతు బాగానే ఉన్నా.

చలికాలం మధ్యలో ఒకరోజు అమ్మ ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది. ఏదో చెప్పాలి ఆమెకు. మేం ఇద్దరం కుర్చీలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాం.

ఆ రోజు కిటికీ దగ్గరికి ఒక నర్సు వచ్చిందట. రోజూ పక్క ఊరి ఆసుపత్రికి బస్సులో వెళ్తుంది. బస్సు ఏ ప్లాట్‌ఫారానికి మారిందని అడిగింది. అమ్మ నంబరు చెప్పి, ఒక్క క్షణం ఆగి, ఊరి పేరు చెప్పింది. ఆమె కదలకుండా నిలబడిపోయి, "మైకులో చెప్పేది మీరే కదూ?" అందట. ఆ గొంతు లేదు, ఎలా పోల్చారని అమ్మ అడిగింది. "గొంతు కాదండీ. ఊరి పేరుకు ముందు మీరు కొంచెం ఆగుతారు. ఆ ఆగిన క్షణంలోనే నేను బ్యాగు భుజానికి తగిలించుకుని లేచేదాన్ని. తొమ్మిదేళ్ళు. ఇప్పుడు మైకులో ఉన్నావిడ గబగబా చెప్పేస్తోంది, రెండుసార్లు బస్సు తప్పిపోయింది" అందట.

ఇదంతా చెప్పడానికి అమ్మకు చాలాసేపే పట్టింది. చెప్పి, కాసేపు చేతులు చూసుకుంది.

"ఆ ఆగటం... నేను కావాలని... చేసింది కాదు" అంది. "మొదటి రోజు... ఒక ఊరి పేరు... తప్పు చదివాను. అప్పటి నుంచీ భయం... పేరుకు ముందు... మనసులో ఒకసారి... అనుకునేదాన్ని."

"ఇరవై నాలుగేళ్ళూనా?" అన్నాను.

"రోజూ."

నాన్న లేచి వెళ్ళి ఆమె చెప్పులు విప్పి గోడవారన పెట్టాడు.

ఆయనలోనూ మార్పు వచ్చింది, పూర్తిగా కాదు కానీ వచ్చింది. షాపులో మాట మధ్యలో ఒక్కోసారి ఆగి చూస్తున్నాడు. అలా ఆగినప్పుడు ఒక పాత ఖాతాదారు అద్దంలోకి చూస్తూ, "అన్నా, నా పాపిడి కుడివైపు. పదకొండేళ్ళుగా చెబుదామనుకుంటున్నాను" అన్నాడట. ఆ రోజు ఇంటికి వచ్చి, "ఇంకెంతమంది ఉన్నారో ఇలాంటివాళ్ళు!" అని దిగులుగా కూర్చున్నాడు.

పది నెలలకు నరం కొంత కోలుకుంది. "ఆ..." పన్నెండు క్షణాలకు వచ్చింది. పాత గొంతు కాదు, బొంగురు ఉంది, పైకి పోదు. ఇంతకు మించి రాకపోవచ్చని డాక్టరమ్మ నిజం చెప్పేసింది. అమ్మ తలూపింది, ముందే తెలిసిన సంగతి విన్నట్టుగా.

ఆ సాయంత్రం వసారాలో బట్టలు మడతపెడుతూ, ఎవరితోనూ కానట్టు అమ్మ అంది:

"రేపు నాకు సెలవు, మీరూ షాపు మూసేస్తే ఇద్దరం ఏదో ఒక బస్సెక్కి ఆఖరి స్టాపుదాకా వెళ్ళొద్దామండీ."

నేను చదువుతున్న కాగితం కింద పెట్టాను. ఎక్కడా ఆగలేదు ఆమె. నాన్న మాత్రం కుర్చీలో కొంచెం ముందుకు వంగి, నోరు సగం తెరిచి, తర్వాతి ముక్క కోసం ఎదురుచూస్తూ అలాగే కూర్చున్నాడు. అమ్మ ఇంకో చొక్కా మడతపెట్టింది. ఆయన ఇంకా ఎదురుచూస్తున్నాడు.

"అయిపోయిందండీ" అంది అమ్మ. "ఇక మీరు మాట్లాడచ్చు."

నాన్న నోరు మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఊళ్ళో ఎవరూ నమ్మరు కానీ, ఆయనకు మాట దొరకలేదు.

"ఇంకోసారి చెప్పవే" అన్నాడు.

ఆమె చెప్పింది, మొదటినుంచి చివరిదాకా. ఆయన కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, పొద్దున అయిదున్నర బస్సుకు వెళ్దామా, ఏడింటి దానికా అని అడిగాడు.

"ఏడింటిది" అంది అమ్మ. "అయిదున్నర బస్సు డ్రైవరు దారి పొడవునా ఒకటే మాటలట."